ఇరవై నిమిషాల భారం

జనవరి 8

ఈరోజు ప్రభుత్వం మా ఇంటికి వచ్చి వెళ్ళింది. మెడలో బిళ్ళ, చంకలో ఫైలు, కాళ్ళకి మా అమ్మ బూట్లు. ఆ బూట్లు న్యాయంగా నాకు రావాల్సినవి. సరే, పోనీ.

ఏడాదికి నాలుగుసార్లు పశువుల సర్వే. మిగతా రోజుల్లో నా చెల్లెలు మార్విస్ కంచెకి అవతల ఉంటుంది, నేను ఇవతల ఉంటాను, మధ్యలో గేటుకి ఆమె వేసుకున్న తాళం ఉంటుంది. నాన్న పోయి పదకొండేళ్ళు. ఆ తాళం వయసూ అంతే. భర్త పోయాక ఊసుపోక ఈ సర్వే ఉద్యోగంలో చేరింది. సొంత అక్క ఇంటికి వెళ్ళి ప్రశ్నలు అడగొచ్చా అని పైవాళ్ళని కనుక్కుందట కూడా. ఈ కౌంటీలో చుట్టం కాని మనిషి కావాలంటే పక్క రాష్ట్రం నుంచి తెప్పించాలి, వెళ్ళిరండి అన్నారని ఊళ్ళో విన్నాను.

ప్రభుత్వమై వచ్చినప్పుడు చుట్టూ రోడ్డు మీదుగా తిరిగి ముందు గుమ్మంలోంచి వస్తుంది. మా ఇంట్లో ముందు గుమ్మం తలుపు తీసేది చర్చి ఫాదరుకీ ఇన్సూరెన్సు వాళ్ళకీ. మిగతా లోకమంతా వెనక వంటింట్లోంచే వస్తుంది. "శ్రీమతి కుచేరా గారూ, ఈ సర్వేలో పాల్గొనడానికి మీకిప్పుడు వీలవుతుందా?" అని గుమ్మంలో నిలబడి చదివింది. చిన్నప్పుడు దీని జడలు వేసింది నేను. "వీలు చేసుకుంటాం, రండి" అన్నాను.

కొలాచెలు పెట్టాను, మా వాళ్ళు చేసుకునే తీపి బన్నులు. నిన్ననే చేశాను, గసాలు నింపి. మా ఆయన ఎమిల్ గసాలు ముట్టడు, మార్విస్‌కి ప్రాణం. అంటే, డబ్బాలో గసాలు పాడైపోతాయని చేశాను, అంతే. ఆమె తింటే తింది. మంచు గురించి కాసేపు, గాలిమర గురించి కాసేపు, పశువుల డాక్టరు కొత్త భార్య గురించి చాలాసేపు మాట్లాడింది ప్రభుత్వం. ఎన్ని ఆవులున్నాయని మాత్రం అడగలేదు. గడ్డి ఎలా వస్తోందండీ అంది. పశువులకి రోజుకి ఇన్ని గడ్డి చుట్టలు వేస్తున్నాం అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ మనసులో లెక్క కట్టుకుంది, కాగితం మీద ఏదో అంకె వేసుకుంది. ఆ మాత్రం మర్యాద నాన్న ఇద్దరికీ నేర్పాడు. మేత వేసే వేళ దాటిపోయింది. ఎమిల్ కిటికీ బయట నిలబడి టోపీ తీసి పెట్టుకుంటూ, తీసి పెట్టుకుంటూ ఉన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఒక కాగితం ఇచ్చింది. సర్వేకి మళ్ళీ అనుమతి తీసుకోవాలట, దాని మీద ప్రజలు అభిప్రాయం చెప్పొచ్చట. సర్వే వల్ల జనం మీద పడే భారం: సగటున ఇరవై నిమిషాలు.

ఇరవై నిమిషాలట!

జనవరి 11

ఇరవై నిమిషాలు. ఏ మహానుభావుడు లెక్కేశాడో. బూట్లు విప్పడానికే పది పడుతుంది.

ఎమిల్‌కి చదివి వినిపించాను. "నీకు అభ్యంతరమైతే రాయి" అన్నాడు. తరవాత రొట్టె మీద వెన్న రాసుకుంటూ, "ఆ రోజు నీకేం అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు మరి" అన్నాడు. ఈయనకి నెలకి రెండు వాక్యాలు వస్తాయి, రెండోది ఎప్పుడూ అనవసరమైనదే.

జనవరి 14

లైబ్రరీకి వెళ్ళాను. కంప్యూటరు దగ్గర గ్లెండా కూర్చుని నేను చెప్తుంటే కొట్టింది. ఆమె ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి లైబ్రేరియన్, ఊళ్ళో ఎవరు ఏం చదువుతారో, ఏం చదివినట్టు నటిస్తారో ఆమెకి తెలుసు. నేను పంపింది ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటున్నాను, బాగా కుదిరింది గనక.

"అయ్యా, మీరు ఇరవై నిమిషాలన్నారు. మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైన సర్వే పశువులకి మేత వేసే వేళ దాటాక గాని తెమలదు. దానికి కారణం ఉంది. మా వైపు మనిషిని పట్టుకుని నీకెన్ని ఆవులున్నాయని అడగడమంటే అతని జేబులో చెయ్యి పెట్టినట్టే. పెళ్ళిచూపుల్లో కూడా అడగరు. మీ కాగితంలో మొట్టమొదటి ప్రశ్న అదే. దాంతో మీరు పంపే మనిషి, పాపం మర్యాద తెలిసిన మనిషే, మంచు దగ్గర్నుంచి మొదలుపెట్టి గడ్డి దాకా వచ్చి, గడ్డిలోంచి ఆవుల్ని లెక్కేసుకోవాల్సి వస్తోంది. ఈలోగా మూడు కప్పుల కాఫీ, అరడజను కొలాచెలు. ఇంత భారం పౌరుల మీద వేయడం తగదు. తగ్గించగలరు. ఇట్లు, ఆల్వినా కుచేరా."

"పేరుతో సహా అందరికీ కనబడుతుంది, తెలుసుగా?" అంది గ్లెండా. కనబడనీ అన్నాను. ఆమె నాకేసి ఇంకాసేపు చూసి, బొత్తాం నొక్కింది.

జనవరి 27

వంకరకొమ్ము ఆవు మంచుతుపానులో కవలల్ని ఈనింది. రెండూ బతికాయి. ఒకదాన్ని ఎమిల్ స్నానాలగదిలో పెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాడు. ఆ ఆవు నాన్న ఎర్రావు మనవరాలు. ఏప్రిల్ సర్వేలో చెప్పాలి.

ఫిబ్రవరి 3

గాలిమర రెక్క ఒకటి విరిగి ఎగిరిపోయి సరిగ్గా ఫాదర్ కారు ముందు పడింది. ఆయన అన్న మాట ఫాదర్ అనవలసినది కాదు. ఏప్రిల్‌లో చెప్పాలి.

ఫిబ్రవరి 4

సర్వేలో గాలిమర గురించి ప్రశ్న లేదు. అయినా పశువుల నీళ్ళకి సంబంధించినదే కదా. చెప్పొచ్చు.

ఫిబ్రవరి 19

ఎమిల్ మంచు మీద జారి మణికట్టు బెణికించుకున్నాడు. డాక్టరు కట్టు కట్టి, పది రోజులు బరువులెత్తొద్దన్నాడు. ఎమిల్‌కి నొప్పి కన్నా, ఊళ్ళో అందరూ ఎలా పడ్డావని అడుగుతున్నారన్న బాధ ఎక్కువ.

ఫిబ్రవరి 20

తెల్లారి నేను బయటికి వెళ్ళేసరికి పశువులకి గడ్డి వేసి ఉంది. గేటు దగ్గర్నుంచి మా గడ్డివామి దాకా ట్రాక్టరు జాడలు. గేటుకి మళ్ళీ తాళం వేసే ఉంది.

ఎవరు వేశారో నాకేం తెలుసు.

ఫిబ్రవరి 28

ఇవాళ ఎమిల్ కట్టు విప్పారు. ఇన్నాళ్ళూ తెల్లారేసరికి గడ్డి వేసే ఉండేది. థాంక్స్ చెప్పాలంటే ఏప్రిల్ దాకా ఆగాలి. సర్వేలో "ఇతర వ్యాఖ్యలు" అని ఒక గడి ఉంటుంది. అందులో పడుతుందేమో చూడాలి.

మార్చి 22

గ్లెండా ఫోను చేసింది. వాషింగ్టన్ వాళ్ళు రెండో ప్రకటన వేశారట! "అందిన అభిప్రాయాలు: ఒకటి." ఆ ఒకటి నాది. దేశం మొత్తం మీద నోరు విప్పినదాన్ని నేనొక్కదాన్నే. నా అభిప్రాయాన్ని శ్రద్ధగా పరిశీలించారట. పౌరుల మీద భారం తగ్గించేందుకు జులై నుంచి మనుషుల్ని ఇళ్ళకి పంపడం మానేసి, ఫారం పోస్టులో పంపుదామనుకుంటున్నారట. దీని మీద ఇంకెవరైనా ఏమైనా చెప్పదలిస్తే ఏప్రిల్ 21 దాకా గడువు.

వాషింగ్టన్ నా మాట విన్నది. నలభై ఏళ్ళుగా ఎమిల్ వినలేదు. భోజనం దగ్గర ఆయనకి చెప్పాను. "మనుషుల్ని పంపడం మానేస్తే మరి మార్విస్?" అన్నాడు.

దానికేం, ఇంట్లో కూర్చుంటుంది. చలికాలంలో రోడ్లంట తిరిగే బాధ తప్పుతుంది. నేను చేసింది ఆమె మంచికే.

మార్చి 23

ఆమె మంచికే.

ఏప్రిల్ 9

మార్విస్ వచ్చింది. ముందు గుమ్మంలోంచే.

గసాల కొలాచెలు, ఎండు రేగుపళ్ళ కొలాచెలు, రెండూ పెట్టాను. "వద్దండీ" అంది. కాఫీ పోశాను. "నియమం ఒప్పుకోదండీ" అంది. ఏ నియమం, ఎప్పుడు పెట్టారు అన్నాను. కుర్చీ అంచున కూర్చుని, ఫైలు తెరిచి, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. కవల దూడల సంగతి ఎత్తబోయాను. నా మాట పూర్తి కాలేదు.

"మీ దగ్గర ఎన్ని పశువులున్నాయి?" అని అడిగింది.

అలాగే, మొహం మీదే. నాన్న కూతురు, నాన్న కూర్చున్న బల్ల దగ్గర కూర్చుని. పొయ్యి దగ్గర ఎమిల్ చేతిలో చెంచా కింద పడింది. నేను అంకె చెప్పాను. వేసుకుంది. తరవాత ప్రశ్న, తరవాత ప్రశ్న. పన్లో పడిన యంత్రంలాగా పైనుంచి కిందిదాకా చదువుకుంటూ పోయింది. "ఇతర వ్యాఖ్యలు ఏమైనా ఉన్నాయా?" అంది. నేను కొలాచెల పళ్ళెం ఇంకాస్త ముందుకి జరిపాను. "లేవు" అని తనే వేసుకుంది.

లేచి గడియారం పెట్టుకుంటూ అప్పుడు అంది.

"ఇరవై నిమిషాలు. సరిగ్గా సరిపోయింది. ఒక పౌరురాలికి భారమైందట, ఫిర్యాదు చేసుకుంది. జులై నుంచి మీకు ఫారం పోస్టులో వస్తుంది. ఇక నా బెడద ఉండదు."

"మార్విస్" అన్నాను.

"సహకరించినందుకు ధన్యవాదాలు, శ్రీమతి కుచేరా గారూ."

అమ్మ బూట్లు టకటకలాడించుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. దూడల సంగతి చెప్పలేదు. గాలిమర సంగతీ చెప్పలేదు. గడ్డి సంగతి అసలే చెప్పలేదు.

ఏప్రిల్ 10

హాయిగా ఉంది.

ఏప్రిల్ 11

హాయిగానే ఉంది. కొలాచెలు కోళ్ళకి వేశాను. ఎండు రేగుపళ్ళవి తిన్నాయి, గసాలవి తినలేదు.

ఏప్రిల్ 13

ఎమిల్ ఈ నెల కోటా అంతా ఒక్కరోజే వాడేశాడు. చర్చి నుంచి వస్తూ కారులో మొదలుపెట్టాడు. కంచె అవతల ఉన్న మనిషికి ఫోను చెయ్యడానికి ప్రభుత్వం అనుమతి అక్కర్లేదన్నాడు. ఏమని చెయ్యను, నాకామెతో ఏం పని ఉందని అన్నాను. పని ఉంటేనే చేస్తారా అన్నాడు. పని లేకుండా ఫోను చేస్తే, పని లేకుండా చేసిందని తెలిసిపోదూ!

"ఇదంతా ఆ ఇనుము గురించే కదా" అన్నాడు చివరికి.

ఇనుమంటే నాన్న మా మందకి గుర్తుగా దూడలకి కాల్చి ముద్ర వేసే ఇనుము. పోయేముందు ఆ ముద్ర నా పేర రాయించాడు. నేను అడగలేదు. పెద్దదాన్ని, అందుకని ఇచ్చాడు. ముద్రలు వేసే రోజున పన్నెండో ఏటి నుంచీ నాన్న పక్కన ఆ ఇనుము పట్టుకుని నిలబడింది మార్విసే, అది నిజమే. నేను లోపల యాభైమందికి వండుతూ ఉండేదాన్ని, అది మాత్రం పని కాదా? అంత్యక్రియల భోజనాల దగ్గర ఆమె ఒక్క మాట అనలేదు. మరుసటి వారం గేటుకి తాళం పడింది. మాట అంటే కదా జవాబు చెప్పడానికి. నేనేం చెయ్యను?

ఇవన్నీ ఎమిల్‌తో అన్నాను. ఆయన రోడ్డుకేసి చూస్తూ నడుపుతున్నాడు, వాక్యాలు అయిపోయాయి.

ఏప్రిల్ 16

ఇంకో అభిప్రాయం రాసి పంపొచ్చు కదా, గడువుంది. ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

"అయ్యా, మా వైపు పోస్టు ఆలస్యంగా వస్తుంది గనక..." అబద్ధం. పోస్టతను మా కుక్క కన్నా నమ్మకమైనవాడు.

"అయ్యా, దేశ పశుసంపద లెక్కలు తప్పిపోయే ప్రమాదం ఉంది గనక..." దేశ పశుసంపద గురించి నాకెప్పటి నుంచి బెంగ?

"అయ్యా, నా కళ్ళజోడు పాతది, ఫారంలో అక్షరాలు చిన్నవి గనక..." వాషింగ్టన్ వాళ్ళు అక్షరాలు పెద్దవి చేసి ఊరుకుంటారు. మొన్న ఒక్క ఉత్తరానికే అంత పని చేశారు, వాళ్ళకి అడ్డూ ఆపూ లేదు.

ఏప్రిల్ 18

"అయ్యా, నా మొదటి అభిప్రాయం రాసింది నేను కాదు..." ఛీ.

ఏప్రిల్ 21

పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళాను. గ్లెండా ఇంకా తలుపు తీస్తోంది. చివరిరోజు గుర్తుందన్నమాట అంది. కారులో ఎమిల్ కూర్చున్నాడు, కిటికీ కూడా దించలేదు.

కాగితం ఏం తీసుకెళ్ళలేదు. నోటికి వచ్చినట్టు చెప్పాను, ఆమె కొట్టింది.

"అయ్యా, జనవరిలో రాసినది కూడా నేనే. అందులో అబద్ధం లేదు, కాని అది సగమే. మీ ప్రశ్నలకి ఇరవై నిమిషాలే పడుతుంది, మీ లెక్క సరైనదే. మిగిలిన సమయం మీది కాదు, మాది. మీరు పంపే మనిషి నా చెల్లెలు. మేమిద్దరం మాట్లాడుకోం. మీరు పంపినప్పుడు మాత్రం మాట్లాడుకుంటాం. ఆమె మంచు గురించి అడిగితే నేను మంచు గురించి చెప్తాను, అందులో అమ్మ సంగతి వస్తుంది, నాన్న సంగతి వస్తుంది. ఏడాదికి నాలుగు మధ్యాహ్నాలు. ఫిబ్రవరిలో మా ఆయన చెయ్యి బెణికితే ఎవరో పది రోజులు మా పశువులకి గడ్డి వేశారు, ఆ మనిషికి థాంక్స్ చెప్పడానికి కూడా నాకు మీ సర్వే కావాల్సి వచ్చింది. దీన్ని భారమని రాసిందాన్ని నేనే. భారం కాదు. దయచేసి ఆమెని పంపండి. ఇట్లు, ఆల్వినా కుచేరా."

గ్లెండా బొత్తాం నొక్కేముందు ముక్కు తుడుచుకుంది. పేరుతో సహా కనబడుతుంది తెలుసుగా అని మాత్రం ఈసారి అడగలేదు.

మే 5

వాషింగ్టన్ నుంచి ఫోను. కుర్రాడి గొంతు, డెస్మండ్ అట, లెక్కల విభాగం. చాలా మర్యాదస్తుడు. రెండు అభిప్రాయాలూ మీవేనా మేడమ్ అన్నాడు. నావే అన్నాను.

"ఒకటి ఇళ్ళకి మనుషుల్ని పంపడానికి వ్యతిరేకం, ఒకటి అనుకూలం అని నమోదు చేశాం మేడమ్."

"రెండోది రాశాక మొదటిది లేనట్టే కదా బాబూ?"

"ఎవరు రాశారన్నది చూడకూడదు మేడమ్, ఎన్ని వచ్చాయన్నదే చూడాలి. ఇంకో చిన్న సందేహం. మీరు చెప్పిన ఆ మిగిలిన సమయాన్ని ఏ గడిలో వెయ్యమంటారు? భారం కాదన్నారు గనక భారంలో వెయ్యలేను. భారం కానిదానికి మా దగ్గర గడి లేదు."

నీకు అక్కచెల్లెళ్ళున్నారా అని అడిగాను. ఒక అక్క ఉందట, సియాటిల్‌లో. ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడావన్నాను. "ఇది సర్వేలో భాగమా మేడమ్?" అన్నాడు. కాదన్నాను. క్రిస్మస్‌కి అన్నాడు.

మంచి కుర్రాడే.

మే 17

దూడలకి ముద్రలు వేశాం. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. వంట అలవాటుగా నేనే చేశాను. కంచె అవతల మార్విస్ పికప్పు వచ్చి ఆగింది. ముద్రలన్నీ వేయడం అయ్యేదాకా అక్కడే ఉంది, ఎవరూ దిగలేదు. ఒక పళ్ళెంలో భోజనం పెట్టి పంపుదామనుకున్నాను. ఎవరితో పంపాలో ఆలోచిస్తుంటే వెళ్ళిపోయింది.

జూన్ 12

ఆఖరి ప్రకటన వచ్చింది. "అందిన అభిప్రాయాలు: రెండు. ఒకటి అనుకూలం, ఒకటి వ్యతిరేకం. అందువల్ల ప్రతిపాదనలో మార్పు చేయవలసిన అవసరం కనబడలేదు."

నన్ను నేనే కొట్టేసుకున్నాను. దేశం మొత్తం మీద నోరు విప్పినదాన్ని నేనొక్కదాన్నే, అది కూడా రెండువైపులా విప్పాను. గ్లెండా చదివి వినిపిస్తూ నవ్వాపుకోలేక దగ్గింది. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే మాత్రం ఏడుపొచ్చింది. ఎమిల్ గుడ్డ తీసుకుని పక్కన నిలబడి ఒక్కో గిన్నె తుడిచాడు. ఏమీ అనలేదు, ఈసారి బాగానే చేశాడు.

జూన్ 30

నల్ల కోడి నీళ్ళతొట్టి కింద గుడ్లు పెట్టింది. జులైలో చెప్పాలి.

జులైలో ఎవరికి?

జులై 7

ఫారం వచ్చింది. తెల్ల కవరు. మొదటి ప్రశ్న అదే, నల్లగా, లావుగా. కాగితానికి సిగ్గేముంది. చివర కొత్తగా ఒక గడి పెట్టారు: "ఈ ఫారం పూర్తి చేయడానికి మీకు ఎంతసేపు పట్టింది?" భారం గురించి ఇంకా దిగులు తీరలేదు వాళ్ళకి.

జులై 8

కొలాచెలు చేశాను. గసాలవి. ఎందుకో రాయడం దేనికి.

జులై 9

ఏ సంగతి ముందు రాయాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

భోజనాలయ్యాక ఫారం, కొలాచెల పళ్ళెం పట్టుకుని బయల్దేరాను. రోడ్డు మీదుగా వెళ్దామనుకున్నాను గాని కాళ్ళు గడ్డిలోంచే నడిచాయి. తాళం వేసి ఉంటే పళ్ళెం గేటు మీద పెట్టి వచ్చేద్దామనుకున్నాను. గేటు మూసే ఉంది. తాళం లేదు. గొలుసు ఊరికే చుట్టి ఉంది, అది కూడా తుప్పు పట్టిన చోట కొత్తగా రాసుకుపోయి, ఎన్నాళ్ళుగానో విప్పుతూ పెడుతూ ఉన్నట్టుంది. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి గనక దాటాక మళ్ళీ అలాగే చుట్టాను.

వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. ఆ వంటింట్లో నేను పదకొండేళ్ళుగా అడుగు పెట్టలేదు. మార్విస్ బల్ల దగ్గర కూర్చుంది, ఎదురుగా తన ఫారం. దానికీ నాలుగు పశువులున్నాయి కదా, దానికీ వచ్చింది. ఒక్క గడి కూడా నింపలేదు. బిళ్ళ లేకుండా చూసి చాలా ఏళ్ళయింది. చిక్కిపోయింది.

పళ్ళెం బల్ల మీద పెట్టాను. నీకిప్పుడు వీలవుతుందా, నా ఫారం అర్థం కాలేదు అన్నాను. నేనిప్పుడు ప్రభుత్వం కాదుగా అంది.

"అయితే ఇవాళ నేనే ప్రభుత్వం. కూర్చో" అన్నాను.

కూర్చునే ఉంది, పాపం. ఆమె ఫారం నా వైపు లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను తీశాను. మొదటి ప్రశ్న చూశాను. నోరు తిరగలేదు. గడ్డి ఎలా వస్తోందమ్మా ఈ ఏడు అన్నాను. మార్విస్ మొహంలో నవ్వు ఇంత కూడా కనబడలేదు గాని, లేచి కాఫీ పెట్టింది. అప్పుడు మొదలుపెట్టాను. కవల దూడలు. గాలిమర రెక్క, ఫాదర్ అన్న మాట. నల్ల కోడి. జనవరి నుంచి పోగేసుకున్నవన్నీ. ఫిబ్రవరి గడ్డికి థాంక్స్ అన్నాను. "నీ రెండో ఉత్తరం చదివాను, గ్లెండా ప్రింటు తీసి లైబ్రరీ బోర్డుకి అంటించింది, కౌంటీ అంతా చదివింది" అంది మార్విస్. తిక్కరేగింది గాని ఆపుకున్నాను.

"ఎప్పుడు చదివావు?"

"నువ్వు పంపిన రోజే. ఆ సాయంత్రమే తాళం తీశాను. నువ్వే రాలేదు."

ఏప్రిల్ నుంచి తాళం లేదు! నేను ఆ గేటు వైపు వెళ్ళి చూస్తే కదా.

కాఫీ చల్లారింది. ఫారంలో గడులన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఫారంలో లేని ప్రశ్న ఒకటి నాలుక చివర తిరుగుతోంది. చాలా ఏళ్ళుగా అక్కడే ఉందేమో. అడిగేశాను.

"నాన్న ముద్ర నీకు కావాలనిపించిందా, మార్విస్?"

గసాల కొలాచె ఒకటి చేతిలోకి తీసుకుని, తినకుండా తిప్పుతూ కూర్చుంది.

"ఇనుప ముక్క నాకెందుకే అక్కా. నీకిమ్మనే చెప్పేదాన్ని. నాన్న అడగలేదు. పోనీ ఆయన జబ్బు మనిషి అనుకున్నాను. నువ్వూ అడగలేదు. కావాలా, వద్దా అని ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నన్ను అడిగారా?" అంది. తరవాత కళ్ళు తుడుచుకుని, "అందరిళ్ళకీ వెళ్ళి అడగడమే పనిగా పెట్టుకున్నాను చూడు, నాకంటే పిచ్చిది ఉంటుందా" అంది.

నేను ఏడ్చాను. అదీ ఏడ్చింది. వచ్చే మే నెలలో దూడలకి ముద్రలు నువ్వే వెయ్యాలి అన్నాను. వంట ఎవరు చేస్తారు అంది. ఎమిల్ అన్నాను. అప్పుడు నవ్వింది, కుర్చీ వెనక్కి వాలిపోయేలాగా.

పశువులు అరుస్తున్నాయి, మేత వేళ దాటిపోయింది. ఫారాలు పూర్తి చెయ్యకపోతే ప్రభుత్వం ఊరుకోదు గనక ముందు నాది, తరవాత ఆమెది గబగబా నింపాం. ఆవుల అంకె ఆమే వేసుకుంది, నేను కిటికీలోంచి బయటికి చూశాను. చివరి గడి మిగిలింది. ఎంతసేపు పట్టింది? గోడ గడియారంకేసి చూశాను. "ఏం రాయమంటావు?" అన్నాను.

"ఉన్నదే రాయి. ప్రభుత్వానికి అబద్ధం చెప్పకూడదు" అంది. "పదకొండేళ్ళు."

రాశాను. కవరు అతికించాను. రేపు పోస్టులో వేస్తాను. సగటు ఎలా తీస్తాడో ఆ డెస్మండ్ తిప్పలు పడతాడు. పడనీ, వాళ్ళక్కని అడగమంటాను.